బతికున్న రాళ్ల దగ్గర అమ్మ గురువారాలు

పెర్త్ శివారు హారిస్‌డేల్‌లో మా ఇంటి వెనక, ప్లాట్లు వేసిననాడే అందానికని తవ్వి వదిలిన చిన్న చెరువు ఒకటి ఉంది. ఫిబ్రవరి ఎండలు ముదిరేసరికి దాని నీళ్లు పెసరకట్టు రంగుకు తిరిగి, అంచుల వెంట పచ్చటి మీగడ కడతాయి. కౌన్సిల్ వాళ్లు వచ్చి నీళ్లు ముట్టుకోవద్దని, కుక్కల్ని దింపవద్దని బోర్డు పాతిపోతారు. వృద్ధాశ్రమంలో పొద్దుటి డ్యూటీ ముగించుకుని, పదిమందికి స్నానాలు చేయించిన నడుముతో, మధ్యాహ్నం మూడింటికి కారు దిగేసరికి ఆ వాసన గుప్పుమంటుంది. ఉడుకుతూ ఉడుకుతూ పగిలిన గుడ్డు వాసన, తడిగోనె మాగిన వాసన. పక్కింటివాళ్లు ముక్కు మూసుకుని కిటికీలు వేసుకుంటారు. నేను మాత్రం తాళంచెవి చేతిలో పట్టుకుని ఒక నిమిషం అక్కడే నిలబడిపోతాను. ఉప్పు ఒక్కటి తక్కువ గాని, అది నా చిన్ననాటి వాసన.

పెర్త్ నుంచి ఉత్తరంగా, కారులో ఎనిమిది గంటలు పోతే వచ్చే షార్క్ బే దారిలో, పెద్ద రోడ్డు మీద ఒక రోడ్‌హౌస్ ఉండేది. పెట్రోలు పంపులు, పది బల్లలు ఉన్న హోటలు, లారీలు బాగుచేసే షెడ్డు, వెనక మూడు రేకుల ఇళ్లు, అంతే. మా నాయన ఆ షెడ్డులో డీజిల్ మెకానిక్. కడప దగ్గర చిన్న ఊళ్లో లారీలు విప్పి బిగించిన మనిషి, ఎవరో చెబితే కాగితాలు పంపి, ఏ దేశానికి పోతున్నాడో మ్యాపులో సరిగ్గా చూసుకోకుండానే వచ్చేశాడు. నన్నూ అమ్మనూ ఏడాది తర్వాత పిలిపించుకున్నాడు. అప్పటికి నాకు ఎనిమిదేళ్లు. అమ్మ ఊళ్లో జూనియర్ కాలేజీలో బోటనీ లెక్చరర్. ఇక్కడికి వచ్చాక ఆమె చదువు ఇక్కడి బడులకు చెల్లదని జవాబు వచ్చింది. అమ్మ ఆ ఉత్తరాన్ని మడిచి పెట్టెలో పెట్టి, రోడ్‌హౌస్ వంటింట్లో గౌను, ఏప్రను వేసుకుని శాండ్‌విచ్‌లు కట్టడానికి కుదిరింది.

ఆ ఊరు కాని ఊళ్లో కాలాలు కూడా మన లెక్కకు లొంగేవి కావు. సంక్రాంతి పూట గొంతు ఎండిపోయే ఎండ, శ్రావణమాసంలో పళ్లు కొరికించే చలిగాలి. ఎండాకాలమంతా మధ్యాహ్నాలు దక్షిణపు గాలి లేచి, ఎర్రదుమ్మును తలుపు సందుల్లోంచి, దిండు గలేబుల్లోంచి, చివరికి మజ్జిగ గిన్నె మీద కప్పిన మూత కిందికి కూడా తోసేది. మూడేసి బోగీలు తగిలించుకున్న పెద్ద లారీలు దూరాన చుక్కల్లా కనిపించి, దగ్గరికి వచ్చేసరికి మా రేకుల ఇల్లు మొత్తం గిన్నెలతో సహా వణికేది. ఈగలు కళ్లలోకి, ముక్కులోకి, మాటల మధ్యలో నోట్లోకి దూరేవి. వానాకాలపు చివర మాత్రం, ఎక్కడ దాక్కుని ఉంటాయో, ఆ ఎర్రటి నేల మీద తెల్లవి, పసుపువి, గులాబివి పూలు పరుచుకునేవి. అమ్మ పని విడిచి, ఏప్రనుతోనే మోకాళ్ల మీద కూర్చుని వాటి రేకులు లెక్కపెట్టేది. రోడ్డు పక్కన నేలకు వంగిపోయిన మనిషిని చూసి లారీవాళ్లు ఒంట్లో బాగాలేదేమోనని బండి ఆపేవాళ్లు.

పండగలు అమ్మ ఆ నేల మీద దొరికిన వాటితోనే చేసేది. వినాయకుణ్ణి షెడ్డు వెనకాల ఎర్రమట్టితో చేసి, పత్రికి ఉప్పుచెట్ల ఆకులు, ముళ్లతుమ్మ రెమ్మలు, పేరు తెలియనివి ఇంకో ఏడెనిమిది కోసుకొచ్చేది. ఒక్కొక్కటీ ఏ కుటుంబానిదో నాకు చెప్పి గాని దేవుడి ముందు పెట్టేది కాదు. ఉగాది పచ్చట్లో వేపపువ్వుకు బదులు దబ్బపండు లాంటి ఒక చేదు పండు తొక్క తరిగి వేసేది. బొరుగులు దొరక్క, తెల్లవాళ్లు పొద్దున పాలల్లో వేసుకునే బియ్యపు పేలాల డబ్బా విప్పి ఉగ్గాని చేసేది. దానికి ఎంత పచ్చిమిర్చి నూరి వేసినా అడుగున ఒక తీపి తగులుతూనే ఉండేది. ఓళిగలు మాత్రం ఎక్కడా తగ్గనిచ్చేది కాదు. పెర్త్ నుంచి వచ్చే లారీ డ్రైవరు ఒకాయన బెల్లం, శనగపప్పు పట్టుకొచ్చిన రోజున మా ఇంటి గుమ్మంలో ముగ్గురు నలుగురు డ్రైవర్లు టోపీలు తీసి, వేడి ఓళిగను రెండు చేతుల మధ్య ఆడించుకుంటూ, నెయ్యి మణికట్టు దాకా కారుతుంటే మాట్లాడకుండా తినేవాళ్లు. నాతో ఆడే పిల్లలు లేరు. తెల్లటి గవ్వలు ఏరుకుని, గుమ్మంలో ఒక్కదాన్నే అచ్చనగాయలు ఆడుకునేదాన్ని. ఎగరేసిందీ నేనే, ఓడిందీ నేనే.

బడి రేడియోలో. వందల మైళ్ల మేర గొర్రెల ఫారాల్లో, రోడ్‌హౌసుల్లో చెదిరి ఉన్న పిల్లలందరికీ కలిపి పొద్దున అరగంట పాఠం వచ్చేది. బొత్తాం నొక్కితే మనం మాట్లాడాలి, చివర 'ఓవర్' అని వదిలితే అవతలివాళ్లు మాట్లాడాలి. మిగతా చదువంతా టపాలో వచ్చే కాగితాలు. రెండు వారాలకోసారి పచ్చటి గుడ్డసంచిలో పూర్తిచేసిన కాగితాలు పెట్టి పంపితే, టీచరు మిస్ కెల్లీ దిద్ది, బంగారు నక్షత్రం అంటించి తిప్పి పంపేది. ఆమె ముఖం నేను ఏడాదిపాటు చూడలేదు. గరగరమనే చప్పుడు మధ్య ఒక తియ్యటి గొంతు, మాధవి అన్న నా పేరును 'మాడ్వీ' అని విరిచి పలికే గొంతు, అంతే. ప్రతి సోమవారం 'వార్తలు' అని ఒక్కొక్కరు ఒక్కో సంగతి చెప్పాలి. ఒకరి గుర్రం ఈనేది, ఇంకొకరి కుక్క పామును చంపేది. మాధవికి చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. "ఈ వారం ఇరవై లారీలు వచ్చాయి, ఓవర్" అనేదాన్ని.

రోడ్‌హౌస్ నుంచి అరగంట మట్టిరోడ్డు మీద పోతే సముద్రం. అఖాతం ఒడ్డున ఒక పాత టెలిగ్రాఫు ఆఫీసు, దాన్ని కనిపెట్టుకుని ఉండే మార్గరెట్ ఆంటీ ఉండేవాళ్లు. అరవై దాటిన మనిషి, మగవాళ్ల చొక్కా, చేతిలో ఎప్పుడూ ఆరిపోయిన సిగరెట్టు. దారిన పోయే యాత్రికులకు టీ కాచి ఇచ్చి, ఒడ్డున ఉన్న నల్లరాళ్లను చూపించేది. ఒకరోజు ఆమె జీపు మా షెడ్డుకు బాగుచేతకు వచ్చింది. అమ్మ టీ ఇస్తూ, మీరు ఉండేచోట ఏముంది చూడ్డానికి అని అడిగింది. "రాళ్లు, లవ్. బతికున్న రాళ్లు," అంది, ఎవరినైనా 'లవ్' అనే పిలిచే మార్గరెట్. అమ్మ పని పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చోవడం నాకింకా గుర్తుంది.

ఆ ఆదివారమే నాయన మమ్మల్ని తీసుకుపోయాడు. నీళ్లు వెనక్కి తగ్గిన సమయం. గవ్వలు తప్ప ఇసుకన్నది లేని తెల్లటి ఒడ్డు, దాని అవతల మోకాలెత్తు నల్లటి దిమ్మెలు, కాలీఫ్లవరు పువ్వుల్లా, పెళ్లిళ్లలో బోర్లించిన గంగాళాల్లా, వేలకు వేలు నీళ్లలోకి సాగిపోయి ఉన్నాయి. ఉప్పు, గుడ్డు, తడిగోనె కలిసిన వాసన. నాయన జేబులో చేతులు పెట్టుకుని, "దీనికోసరమా ఇంత దూరం వచ్చింది!" అన్నాడు. అమ్మ చెప్పులు విడిచింది. రాళ్ల దగ్గరికి పోలేదు. గవ్వల మీద అట్లాగే నిలబడిపోయి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మన కడప బండలల్లో గీతలు చూపించి పిల్లోళ్లకు పాఠం చెప్తాంటి," అంది. "అయి సచ్చిపోయినయి. ఇయి బతికుండాయి. నేను మళ్లీ చూస్తాననుకోలేదు, మళ్లీ ఏంది, ఒక తూరి గూడ చూస్తాననుకోలేదు."

ఆ మాటలు తెలుగే అయినా మార్గరెట్ ఆమె ముఖం చూసి అర్థం చేసుకుంది. వారం తిరక్కుండా, రక్షిత ప్రాంతాల ఆఫీసుకు తనే ఉత్తరం రాసి, గురువారం గురువారం యాత్రికులకు రాళ్ల గురించి చెప్పే పని అమ్మకు ఇప్పించింది.

నా బాల్యంలో సంతోషం ఎక్కడుంది అని ఎవరైనా అడిగితే, ఆ గురువారాల్లో అని చెబుతాను. తక్కిన ఆరు రోజులు గౌనులో నూనె మరకలతో ఉండే అమ్మ, గురువారం పొద్దున తలంటుకుని, ఊళ్లో కాలేజీకి కట్టుకుపోయిన నేతచీర ఇస్త్రీ చేసి కట్టుకుని, పైన నాయన స్వెట్టరు, తలమీద ఈగల వల ఉన్న టోపీ పెట్టుకునేది. నవ్వొచ్చే వేషం. ఎవరూ నవ్వేవాళ్లు కాదు. వాళ్ల ఎదుట నిలబడి, నోట్సు చెప్పేటప్పటి నెమ్మదితో, కడప ఇంగ్లీషులో ఆమె చెబుతుంటే, బీరు సీసాతో వచ్చిన జాలరులు కూడా సీసా వెనక్కి దాచుకుని వినేవాళ్లు.

నాకు మాత్రం ఆ పాఠం తిరుగుదారిలో, అమ్మ నడిపే షెడ్డువాళ్ల పాత ట్రక్కులో, మా భాషలో వచ్చేది. వారానికి కొంచెం కొంచెం, సీరియల్లా.

"మొదట ఒక్క కణమే పాప. పేదోళ్ల ఇల్లు మాదిరి ఒకటే గది, వంట ఆడనే, పడక ఆడనే, సామాను ఆడనే. అట్లాటివి ఒకదానికొకటి అతుక్కోని, బంక కార్చుకోని, ఆ బంకకు మట్టి పట్టి, దానిపైన మళ్లా అయి పెరిగి... అట్ల కట్టుకున్న గోడలే ఈ రాళ్లు. మనం చూసేటివి అంత పాతవేం కాదు, రెండు మూడు వేల ఏండ్లే. వంశం పాతది. మూడొందల యాభై కోట్ల ఏండ్ల నాటి వంశం."

అవి ఎండను తిని గాలిని వదిలాయని చెప్పింది. అప్పటికి మనం పీల్చే గాలి లోకంలో లేదు. వదిలిన గాలిని మొదట సముద్రంలోని ఇనుము తాగేసింది. "మీ నాయన షెడ్డులో తుప్పు సూస్తివి గదా, అట్ల సముద్రం సముద్రమే తుప్పుపట్టె. ఆ తుప్పే ఇప్పుడు ఉత్తరాన గనుల్లో తవ్వి, ఓడలకెత్తుతాండేది." ఇనుము తాగగా మిగిలిన గాలి పైకి లేచి ఆకాశాన్ని నింపింది. అది పడని జీవాలు చాలా చచ్చిపోయాయి, పడినవి బతికాయి. ఇంకో వారం, ఒక కణం ఇంకో కణాన్ని మింగిన కథ చెప్పింది. మింగింది గాని అరిగించుకోలేకపోయింది. మింగుడుపడ్డది లోపలే బాడుగకున్నట్టు ఉండిపోయి, ఉండనిచ్చినందుకు పొయ్యి రాజేసి పెట్టింది. "ఆ బాడుగదోళ్లు ఇంకా పోలేదు మే. నీ ఒంట్లో, నా ఒంట్లో, ప్రతి కణంలో కూర్చోని పొయ్యి ఊదుతానే ఉండారు. నీకు జ్వరమొస్తే కాలేది వాళ్ల పొయ్యే." నేను చాలా రోజులు చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని విన్నాను.

ఆ తర్వాత కణాలు కాపురాలు కలిపాయి. ఒకటి తినే పని, ఒకటి కదిలే పని, ఒకటి కావలి పని పంచుకున్నాయి. స్పాంజీలు వచ్చాయి. ఎముక లేని, పన్ను లేని మెత్తటి జంతువులు, ఈ దేశంలోనే దక్షిణాన కొండల్లో ముద్రలు మిగిల్చినవి, పరుపుల్లా సముద్రపు అడుగున పరుచుకుని బతికాయి. ఒకరినొకరు తినడం వాటికి తెలియదని అమ్మ చెప్పినప్పుడు ట్రక్కు కాసేపు నెమ్మదించింది. పిమ్మట కళ్లు వచ్చాయి. చూసినవాడు తినడం నేర్చాడు, తినబడేవాడు చిప్ప కప్పుకోవడం నేర్చాడు. వెన్నుపూస వచ్చింది, చేప వచ్చింది, చేపకు దవడ వచ్చింది. "వచ్చే గురువారం నేల మీదికి వస్తాయి," అని రోడ్‌హౌస్ ముందు బండి ఆపి, టోపీ తీసి, చీర కుచ్చిళ్లలోంచి గవ్వముక్కలు దులుపుకుంది.

ఇక నేను చేసిన పని చెప్పాలి.

ఆ మధ్య ఒక సోమవారం వార్తల్లో, మా అమ్మ బతికున్న రాళ్ల దగ్గర టీచరని గొప్పగా చెప్పుకున్నాను. గొర్రెల ఫారం నుంచి ట్రేసీ అనే పిల్ల, "రాళ్లు బతకవు. మీ అమ్మ శాండ్‌విచ్‌లు చేస్తుందని మా డాడ్ చెప్పాడు, ఓవర్" అంది. మిస్ కెల్లీ మాట మార్చేసింది. ఇరవైమంది పిల్లల ఇళ్లలో ఆ మాట వినబడిందని నాకు తెలుసు. ఎవరి ముఖమూ కనిపించని ఆ బడిలో అందరూ నన్నే చూస్తున్నట్టు ఒళ్లు మండింది.

ఆ గురువారం అమ్మ ఒక ముసలి దంపతులకు, పాత రోజుల్లో ఉన్ని మూటలు తోలిన బండ్ల చక్రాల జాడలు ఆ నల్లపొర మీద ఇప్పటికీ చెరిగిపోలేదని చూపిస్తోంది. ఎన్నో ఏళ్లయినా ఆ పొర తిరిగి పూడ్చుకోలేకపోయిందని, ఏడాదికి గోరు మందం కూడా పెరగదని, అందుకే అడుగు పెట్టవద్దని చెబుతోంది. నేను గవ్వల దిబ్బ అవతలికి పోయి, గట్టున ఉన్న ఒక చిన్న దిమ్మెను బూటు మడమతో నాలుగు తన్నులు తన్నాను. గట్టిగా ఉంటుందనుకున్నాను. అంత సులువుగా ఊడుతుందనుకోలేదు. పిడికిలంత ముక్క. లోపల లేత గోధుమరంగు, వేలిముద్రల్లాంటి గీతలు. దాన్ని టిఫిను డబ్బాలో పెట్టుకుని, ఇంటికి వచ్చి, మేజోడులో చుట్టి, లెక్కల కాగితాల కింద పచ్చసంచిలో పెట్టి టపాకు ఇచ్చేశాను. అమ్మ టీచరేనని రుజువు.

రెండు వారాలు గడిచాయి. సోమవారం పొద్దున అమ్మ వంటింటి పనికి పోబోతూ, గడప దగ్గర చెనిక్కాయలు వొలుస్తోంది. రేడియోలో మిస్ కెల్లీ గొంతు ఉత్సాహంగా పలికింది.

"ఈ రోజు నా బల్ల మీద ఏముందో చెప్పండి చూద్దాం! మాడ్వీ పంపింది. బతికున్న రాయి ముక్క! మాడ్వీ వాళ్ల మమ్ ఆ రాళ్లను చూసుకుంటారు. ఎంత అదృష్టం మనది. మాడ్వీ, నువ్వే చెప్పు, ఓవర్."

నేను బొత్తాం నొక్కలేదు. వెనక చెనిక్కాయల చప్పుడు ఆగిపోయింది.

"ఏంది మే ఇది? నువ్వు తీస్తివా?"

తలూపాను.

"ఊడిపోయింది దొరికెనా, ఊడగొడితివా?"

"ఊడగొడితిని."

అబద్ధం చెప్పి ఉంటే ఏమయ్యేదో. ఒడిలో చెనిగ్గింజలు నేలమీద పడుతుంటే అమ్మ లేచి వచ్చి, నా భుజం మీదుగా చెయ్యి చాచి బొత్తాం నొక్కింది. గురువారాల ఇంగ్లీషులో, గొంతు ఎత్తకుండా చెప్పింది. "నేను మాధవి తల్లిని. ఆ రాయిని నా కూతురు విరగ్గొట్టింది. నేను అక్కడ పనిలో ఉండగా విరగ్గొట్టింది. అది తప్పు. తప్పు నాది కూడా. దయచేసి ఆ ముక్కను తిప్పి పంపండి. పిల్లలు ఎవరూ అట్లా చేయకండి. ఓవర్."

గరగర మధ్య, పిల్లల పాఠాల్లో ఎప్పుడూ వేలుపెట్టని మార్గరెట్ ఆంటీ గొంతు, టెలిగ్రాఫు ఆఫీసు రేడియో నుంచి బొంగురుగా వచ్చింది. "ఓ, లవ్. చెప్పకపోయినా గడిచిపోయేదే." ఓవర్ అనడం కూడా మరిచిపోయింది.

నాలుగు రోజుల తర్వాత రక్షిత ప్రాంతాల ఆఫీసు నుంచి రేంజరు వచ్చాడు. మర్యాదస్తుడు. హోటల్లో మూల బల్ల దగ్గర కూర్చుని, టోపీ మోకాలి మీద పెట్టుకుని, పిల్ల కాబట్టి కేసు ఏమీ ఉండదని, కాని రక్షిత స్థలంలో కాపలా తప్పినందుకు అమ్మకిచ్చిన అనుమతి ఆపేయక తప్పదని, రేడియోలో అంతమంది విన్నాక తన చేతిలో కూడా ఏమీ లేదని, కప్పులో టీ చల్లారేదాకా చెప్పాడు. అమ్మ అన్నిటికీ తలూపింది. ఒక్కటే అడిగింది, ముక్క వచ్చాక దాని చోట తనే పెట్టవచ్చా అని.

నాయన నన్ను కొట్టలేదు. షెడ్డులో ఏదో ఇంజను కింద పడుకుని, బయటికి రాకుండానే, "దానికున్నది ఆ ఒక్క దినమే గద పాపా," అన్నాడు. ఆ మాట ఎన్ని దెబ్బలకు సమానమో ఇప్పటికీ లెక్క తేలలేదు.

ముక్క అదే మేజోడులో చుట్టి తిరిగి వచ్చింది. వాసన పోయి, పొడిబారి, మామూలు రాయిలా ఉంది. రేంజరు ముందు, మార్గరెట్ వెనక, మధ్యలో అమ్మా నేనూ నడిచాం. అది గురువారం కాదు, అమ్మ గౌనులో ఉంది. విరిగిన చోట నేనే చూపించాను. అమ్మ మోకాళ్ల మీద కూర్చుని ముక్కను ఆ గుంటలో కూర్చోబెట్టింది. అది ఒక పక్కకు ఒరిగింది. తీసి తిప్పి పెట్టింది. మళ్లీ ఒరిగింది.

"అతుక్కుంటాదా మా?"

"అతుక్కోదు." మోకాళ్ల మీంచి లేస్తూ గవ్వలు దులుపుకుంది. "పోదాం పా."

ఆ తర్వాత రోడ్‌హౌస్‌లో మేం నాలుగేళ్లున్నాం. పూలకాలాలు వచ్చాయి, పోయాయి. ఓళిగలు అయ్యాయి. అమ్మ రేకులు లెక్కపెట్టడానికి మోకాళ్ల మీద కూర్చోవడం మాత్రం నేను మళ్లీ చూడలేదు. చీర పెట్టెలోకి పోయింది. ట్రక్కులో కలిసి పోయే పని లేదు గనుక పాఠమూ ఆగిపోయింది. నేల మీదికి వచ్చే గురువారం రాలేదు. అడగడానికి నాకు ధైర్యం లేకపోయింది. తక్కిన కథంతా, చేప రెక్క కాలెట్లా అయిందో, కాలు చెయ్యెట్లా అయిందో, పెర్త్‌లో హైస్కూలు పుస్తకాల్లో ఇంగ్లీషులో చదువుకుని పరీక్ష రాశాను.

నాయన పోయాక అమ్మ మా ఇంట్లోనే, హారిస్‌డేల్‌లో పన్నెండేళ్లు ఉంది. అన్నాళ్లూ ఆ సంగతి ఇద్దరమూ ఎత్తలేదు. నేను మాత్రం దాని మీదే నిలబడి బతికాను. డ్యూటీలో నా వల్ల మాత్ర మారితే నేనే చెప్పేస్తాను. పై వాళ్ల చేత మాటలు పడతాను. అమ్మ బొత్తాం నొక్కిన చెయ్యి నా భుజం మీద ఉన్నట్టే ఉంటుంది. కిందటేడు ముందటేడు చలికాలంలో, ఆమెకు లేవలేని రోజులు వచ్చాక, ఒక మధ్యాహ్నం కాళ్లకు నూనె రాస్తూ అడిగాను, నా మీద కోపం ఉందా అని.

"నీ మీద ఏమిటికి? చిన్నపిల్లవి." కళ్లు మూసుకునే ఉంది. "నా మీదనే. ఆ రేడియో ముందర గమ్మున ఉండుంటే పోయేది గదా అని ఎన్ని తూర్లు అనుకుంటినో. ఎవురికి తెల్చాది అది ఏ రాయో. ముక్క ఎట్లాగూ అతుక్కోకపాయ. నా గురువారాలన్నా మిగిలుండేటివి."

నేను ఇన్నేళ్లుగా మోస్తున్న ఆ నిజాయితీని ఆమె ఎప్పుడో దించేసి, దాన్ని చూసి చింతపడుతోంది. "మరి నేల మీదికి ఎట్ల వచ్చినయి మా? ఆ కత చెప్పనే లేదు," అన్నాను ఏదో ఒకటి అనాలని. "అదంతా నీకు తెలిసిందే గద," అంది. "అలుపుగా ఉండాది. ఇంగో తూరి." ఆ నెల దాటలేదు.

కిందటి సెప్టెంబరులో నా కూతురు అనన్యను తీసుకుని ఎనిమిది గంటలు కారు నడిపాను. రోడ్‌హౌస్ ఉంది గాని మా రేకుల ఇళ్లు లేవు. ఆ చోట కార్లకు కరెంటు ఎక్కించే స్తంభాలు నిలబడ్డాయి. రేడియో బడి కంప్యూటరు తెర మీదికి మారిందట, పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటారట. మార్గరెట్ ఆంటీ ఎక్కడ, ఎప్పుడు పోయారో చెప్పేవాళ్లే లేరు. మేం వచ్చేశాక రాళ్ల మీదుగా యాత్రికుల కోసం చెక్కవంతెన కట్టారు. దాన్ని కూడా తుఫాను విరిచేసింది. ఇప్పుడు ఒడ్డు దగ్గర తాడు కట్టి, అంతకు మించి పోనివ్వడం లేదు. సముద్రం వేడెక్కి పక్క అఖాతాల్లో నీళ్లడుగున పెరిగే గడ్డిమైదానాలకు మైదానాలే చచ్చిపోయాయని గోడ మీది కాగితంలో ఉంది. దూరాన నల్లటి గీతలా కనిపిస్తున్నవి రాళ్లో, నీడలో, నా కళ్లకు ఆనలేదు.

తాడు దగ్గర గాలికి నిలబడి అనన్య, "సో వాట్ డిడ్ అమ్మమ్మ టెల్ పీపుల్ హియర్, మమ్?" అంది.

మొదలుపెట్టాను. ఒకటే గది ఉన్న ఇల్లు, బంక గోడలు, తుప్పుపట్టిన సముద్రం, బాడుగకున్నవాళ్లు, కాపురాలు కలపడం, కళ్లు రావడం. అమ్మ మాటలు అమ్మ యాసలోనే, నేను వెతుక్కోకుండానే వచ్చాయి. చేపకు దవడ వచ్చేదాకా వచ్చాను. అక్కడ నా దగ్గర తెలుగు అయిపోయింది. తక్కినది, చేప బురదలోకి పాకడం, కాళ్లు మొలవడం, గుడ్డుకు పెంకు రావడం, పాలివ్వడం, చివరికి మనం, అంతా ఇంగ్లీషులో చెప్పేశాను.

మధ్యలో భాష మారిందని అనన్య గమనించలేదు. నేనూ చెప్పలేదు. ఎండెక్కుతోందని కారు దగ్గరికి నడిచాం.